పసుపు బల్బు

మా మరదలు ఒక వేసవి మొత్తం నన్ను మోసం చేసింది. ఇందులో అనుమానం ఏమీ లేదు. ఆమె కూడా కాదనలేదు.

ఆమెది పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే పని. చిన్న పార్లర్ ఉంది. ఎండాకాలంలోనే ఆమెకు గిరాకీ. మిగతావాళ్లు వేసిన మేకప్ మధ్యాహ్నానికి చెమటతో పాటు మెడ మీదికి దిగుతుంది. ఈమె వేసింది దిగదు. ముఖం సున్నం కొట్టిన గోడలాగా ఉండదు. నీరెండలో కాసేపు నడిచి వచ్చిన మనిషిలా, బంగారు ఛాయతో, ఏమీ పూసుకోనట్టే ఉంటుంది.

నాది లేత్ మిషన్ మీద పని. రోజంతా చూసేది ఇనుము.

నా భార్యకు జబ్బు ముదిరాక డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. ఈ వేసవి దాటడం కష్టం అన్నాడు. ఓనరును సెలవు అడిగాను. వచ్చే నెల నుంచి తీసుకోమన్నాడు. ఆమె పక్కన కూర్చోవాలి, అంతే నాకు కావలసింది.

ఈలోగా ఎండలు ముదిరాయి. ఆమె ముఖం మారింది. పాలిపోయిన బుగ్గలకు రంగొచ్చింది. కళ్ల కింద నలుపు పోయింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉండేది.

"ఏంటే, మెరిసిపోతున్నావు?"

"పగలు డాబా మీద ఎండలో కూర్చుంటున్నానండీ. చెల్లెలొచ్చి కూర్చోబెడుతోంది. ఒంటికి పట్టింది."

"అయితే ఆ డాక్టర్‌ను కూడా తెచ్చి కూర్చోబెట్టాలి."

"వద్దులెండి. ఆయన బట్టతల మాడిపోతుంది, పాపం."

ట్యూబ్‌లైట్ కళ్లలో గుచ్చుకుంటోంది, పసుపు బల్బు పెట్టమంది. నేనే స్టూలెక్కి పెట్టాను. దిండు మీద గోధుమరంగు మరకలుంటే ఏదో ఆయింట్‌మెంట్ అంది. నమ్మాను. పెళ్లాం మాట నమ్మడానికి ఎవడైనా సాక్షుల్ని పిలుస్తాడా?

సెలవు వద్దని చెప్పేశాను. ఓవర్‌టైమ్ ఒప్పుకున్నాను. ఆదివారాలు కూడా వెళ్లాను. పొద్దున్నే నేను బయల్దేరేటప్పుడు ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. నిద్ర చెడగొట్టడం ఎందుకని లేపేవాణ్ణి కాదు. డాక్టర్లకేం తెలుసని వర్క్‌షాపులో అందరి దగ్గరా వెటకారం చేశాను.

తొలి వానలప్పుడు పోయింది. నేను లేత్ దగ్గర ఉన్నాను. ఇంటికొచ్చేసరికి ముఖం కడిగి ఉంది. తెల్లగా, ఎండిపోయి ఉంది. చావు అలా చేస్తుంది కాబోలు అనుకున్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మా అమ్మాయి పెళ్లి. పొద్దున్నే దాని పిన్ని, అంటే మా మరదలే, వచ్చి ముస్తాబు మొదలుపెట్టింది. కిటికీ పక్కన స్టూలేసి అమ్మాయిని కూర్చోబెట్టి, నన్ను పిలిచింది.

"బావా, ఆ కర్టెన్ పక్కకు లాగి పట్టుకో. మళ్లీ మళ్లీ అడ్డమొస్తోంది."

పట్టుకున్నాను. ముందు తడిబట్టతో ముఖం తుడిచింది. క్రీమ్ వేళ్లతో పల్చగా అద్దింది. బుగ్గ ఎముక కింద కాస్త గోధుమరంగు, దాని మీద కనీకనిపించని ఎరుపు. తరువాత బంగారు పొడి ఉంగరం వేలికి అంటించుకుంది.

"ఇది ముఖమంతా పూశావో, పిల్ల ఇత్తడి బిందెలా ఉంటుంది. ఎండ ముందుగా తాకే చోటే పెట్టాలి. బుగ్గ మీద, ముక్కు దూలం మీద, పై పెదవి మీద ఒక్క చుక్క. నీకూ అద్దమంటావా బావా? ఫోటోల్లో గ్రీజు డబ్బాలా పడతావు."

"నా ముఖం జోలికి రాకు."

అమ్మాయి నవ్వింది. పిన్ని తన ధోరణిలో తను మాట్లాడుతూనే ఉంది.

"అసలు ఎండలో బాగుంటేనే బాగున్నట్టు. పసుపు బల్బు కింద అయితే ఎంతైనా దాచెయ్యొచ్చు."

ఎడమ బుగ్గ పూర్తయింది. చూశాను. ఆ బుగ్గ నాకు తెలుసు. పోయిన వేసవంతా సాయంత్రాలు దాన్నే చూశాను.

కర్టెన్ వదిలేశాను.

"మీ అక్కకూ ఇదే వేశావా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అక్కే అడిగింది బావా. నువ్వొచ్చే ముందు వచ్చి వేసిపోయేదాన్ని. ఆమె ముఖం చూసి నువ్వు కంచం ముందు ఏడ్చేవాడివట. 'ఆయన కళ్లల్లో నేను అప్పుడే పోయానే, కొన్నాళ్లు బతికున్నట్టు చూడనివ్వు' అంది."

"అడిగింది మీ అక్క. పూసింది నువ్వు. పోయినవి నా రోజులు."

అద్దంలో అమ్మాయి తల దించుకుంది.

"నీకూ తెలుసా?"

"డబ్బాలు నేనే దాచేదాన్ని, నాన్నా." కళ్లు నిండాయి.

"ఏడవకే తల్లీ, కాటుక కారుతుంది," అని పిన్ని దాని కళ్ల కింద దూది పెట్టింది. తన కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

పక్కగదిలోంచి ఎవరో అరిచారు. "అయిందా? అవతల కార్లు ఆగి ఉన్నాయి!"

మరదల్ని బయటికి పొమ్మనడానికి నోరు తెరిచాను. అమ్మాయి నా వైపు తిరిగింది. ఒక బుగ్గ బంగారం. రెండో బుగ్గ నిద్రలేక పాలిపోయి, అచ్చం వాళ్లమ్మది, రంగు వేయకముందుది.

"పిన్నిని పంపిస్తే నేను ఇలాగే వస్తాను నాన్నా. కడుక్కోను."

వస్తుంది. మొండిది. నా కూతురే.

కర్టెన్ మళ్లీ పట్టుకున్నాను.

"రెండోది కూడా వెయ్యి."

"బావా, నన్ను..."

"వెయ్యమన్నాను."

వేసింది. రెండు బుగ్గలూ ఒకటయ్యాయి. వాకిట్లో ఎండలోకి రాగానే అందరూ అచ్చం తల్లే అన్నారు. నిజమే. ఏ తల్లి అన్నది నాకు తెలుసు. పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉంటే పోయిన ఏడే కనిపెట్టేవాణ్ణి.

పెళ్లయ్యాక మరదలు సంచి సర్దుకుంటూ, "బావా, ఒక్క మాట," అంది. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఆ పసుపు బల్బు తీసి, ట్యూబ్‌లైట్ బిగించాను.

ఆమె నీ మంచికే చేసింది కదా అనేవాళ్లున్నారు. అననివ్వండి. ఎవరి మంచికి చేసినా ఆ రోజులు తిరిగి రావు. ఒకసారి చెప్పాను. ఇక ఈ సంగతి నా నోట వినపడదు.