గేటు ముందు భోజనం

సంకటి గట్టిపడుతోంది. జైరోస్ గిన్నెని రెండు పాదాల మధ్య బిగించి చెక్కగరిటెతో కలుపుతున్నాడు. కరెంటు లేదు, మామూలే. పెరట్లో కట్టెలపొయ్యి పొగకి కళ్ళు మండుతున్నాయి. బతుకంతా స్టీరింగ్ తిప్పిన మనిషికి తల నెరిశాక వంట నేర్చుకోవలసి వచ్చింది.

న్యరాయ్ లాయరమ్మకి అతను డ్రైవరు. ఓట్లు అందరి కళ్ళముందే లెక్కపెట్టమని వీధికెక్కిన పిల్లల తరఫున వాదించిందని ఆమెనే పట్టుకుపోయి హరారే జైల్లో పడేశారు. వాదించడం నేరమట! బెయిలు అడిగిన ప్రతిసారీ వాయిదాయే. ఒకసారి మేజిస్ట్రేటుకి జ్వరం, ఇంకోసారి ఫైలు కనబడదు. కడుపులో పుండున్న మనిషికి జైలు తిండి పడదు. తమ్ముళ్ళు పక్క దేశంలో ఉన్నారు, వస్తే వాళ్ళనీ లోపలేస్తారు. అందుకే క్యారేజీ మొయ్యడం జైరోస్ వంతయింది. ఆ తిండి ఆమె నోటిదాకా వెళుతోందా, గేటు దాటగానే వార్డర్లే లాగించేస్తున్నారా అన్న దిగులు అతన్ని నిద్రపోనివ్వదు.

ఇవాళ తీర్పన్నారు. "ఆఁ, మళ్ళీ వాయిదాయేలే" అనుకున్నాడు. కోర్టుకి పోతే జైలు గేటు దగ్గర వరస పోతుంది, ఆమె పస్తుంటుంది. అందుకని వంట కాగానే వచ్చి పొద్దుటినుంచీ ఎండలో వరసలోనే నిలబడ్డాడు. మధ్యలో ఖైదీల వ్యాను దుమ్ము రేపుకుంటూ లోపలికెళ్ళింది. ఇనపవల వెనక ఎవరున్నారో కనబడలేదు. అయినా చెయ్యి ఊపాడు.

అతని వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర వార్డరు మెలోడీ క్యారేజీ మూత తీసింది.

"ఏం తాతా, ఇవాళేం తెచ్చావ్?"

"సంకటి, వేరుశనగ ముద్దేసిన ఆకుకూర, కోడికూర."

"రుచి చూడు."

విషం లేదని తెచ్చినవాళ్ళే తిని చూపించాలి.

"రోజూ తింటూనే ఉన్నాగా తల్లీ, చచ్చానా?"

"రూలంటే రూలే. కొత్తల్లుడిలా ఆ కొరుకుడేంటి? పెద్ద ముద్ద పెట్టు."

సంకటి తిన్నాడు. ఆకుకూర తిన్నాడు. కోడిముక్క నమిలాడు. మెలోడీ లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. ఈసారి అతని మొహం చూడలేదు.

"తీసుకుపో తాతా. పొద్దున శిక్ష పడిపోయిందట, ఐదేళ్ళు. శిక్ష పడ్డవాళ్ళకి ఇంటి తిండి ఉండదు."

"నాచేత ఇదంతా తినిపించి ఇప్పుడా చెప్పేది?"

"నాకూ ఇప్పుడేగా తెలిసింది! సరేలే, క్యారేజీ ఇక్కడ పెట్టి పో. పారెయ్యడం దేనికి, మేం చూసుకుంటాం."

జైరోస్‌కి ఒళ్ళు మండిపోయింది. అక్కడే, గేటు ముందు దుమ్ములో చతికిలబడి, క్యారేజీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లే తాతా! ఇక్కడ కూర్చోకూడదు."

"తింటున్నా. కనబడటంలా?"

ముద్ద మీద ముద్ద కుక్కుకున్నాడు. ఒక్క మెతుకు కూడా వీళ్ళకి దక్కకూడదు. మేజిస్ట్రేటుని తిట్టుకున్నాడు, తనని ఇంకా ఎక్కువ తిట్టుకున్నాడు. తీర్పు చదువుతున్నప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూసే ఉంటుంది. తన మనిషంటూ ఒక్కడైనా కనబడి ఉండడు. ఎముకలు కూడా నమిలి, గిన్నెలు వేలితో తుడిచి నాకాడు.

లేచేసరికి మెలోడీ ఒక ప్లాస్టిక్ సంచి చేతిలో పెట్టింది. "ఆమెవి. లోపల జైలు బట్టలిచ్చేశారు" అని గేటు మూసింది.

లాయరమ్మ కారు దగ్గరికొచ్చి అలవాటు కొద్దీ వెనక తలుపు తీశాడు. తీశాక ఏం చెయ్యాలో తోచలేదు. సంచి విప్పి, బట్టలు సీటు మీదా మిగిలినవి కిందా పెట్టి, తలుపు నెమ్మదిగా వేశాడు.

వెనక సీటు ముందు ఆమె నల్లబూట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని మడమ అరిగి కొద్దిగా ఒరిగి ఉంది.