నూట ముప్పై ఐదో గీత

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆర్లిస్ హోవెన్. తొమ్మిదేళ్లు తన షెడ్డులో రివెట్టు మీద రివెట్టు కొట్టి రెండు సీట్ల విమానం కట్టాడు. శనివారం దాన్ని తానే మొదటిసారి గాల్లోకి లేపాలి. డెబ్బై మూడేళ్ల ఆ మనిషికి అంతకు మించిన కోరిక లేదు. బుధవారం వచ్చేసింది గానీ, దిక్కు చెప్పే సెన్సార్ మాత్రం దారికి రాలేదు.

రెక్క చివర లోపల బిగించిన చిన్న డబ్బా అది. భూమి అయస్కాంతాన్ని పసిగట్టి, విమానం ముక్కు ఎటు చూస్తోందో తెర మీద డిగ్రీల్లో చూపిస్తుంది. దాన్ని సరిచూసుకోవడానికి మా ఎయిర్‌ఫీల్డులో, మొక్కజొన్న చేల పక్కన, కాంక్రీటు మీద నలభై ఐదు డిగ్రీలకొకటి చొప్పున ఎనిమిది గీతల చక్రం గీసి ఉంది. ఒకడు తోక పట్టుకుని విమానాన్ని గీత మీదికి తిప్పుతాడు, ఇంకొకడు లోపల కూర్చుని అంకె చదువుతాడు. తిప్పేవాణ్ని నేను, వెండెల్‌ని. రేడియోలు బాగుచేసి రిటైరయ్యాను, పైలట్ లైసెన్సు ఇంకా ఉంది, నడుమే లేదు. చదివేది ఆర్లిస్. మొదటిసారి ఎగిరేదాకా కట్టినవాడి సీట్లో ఇంకొకడు కూర్చోకూడదని మా క్లబ్బు ఆచారం.

"నూట ముప్పై ఐదు మీద పెట్టా. చదువు" అన్నాను.

"ఒకటి, ఎనిమిది, ఐదు."

"యాభై తేడానా? ఇందాక తూర్పు గీత మీద పదే కదా."

"నేనేం చెయ్యను? తెర ఏం చెబితే అదే చెబుతున్నా. జేబులో మళ్లీ స్పానరు పెట్టుకొచ్చావేమో చూసుకో."

"జేబులో రుమాలు కూడా లేదురా. బెల్టు కూడా తీసేశా. ప్యాంటు జారితే పూచీ నీదే."

మూడు రోజులుగా ఇదే వరస. ఇనుము దగ్గరుంటే సెన్సార్ తప్పు చూపిస్తుందని ఇనుప స్క్రూలు తీసి ఇత్తడివి వేశాం. లైటు వైరు దూరంగా జరిపాం. అయస్కాంతం దారి తప్పిస్తే ఆ తప్పుకీ ఒక తీరు ఉంటుంది, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇదేమో ఒక గీత మీద బుద్ధిగా ఉండి, పక్క గీత మీద కోతిలా దూకుతోంది. నలభై ఏళ్ల నా అనుభవం ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఆర్లిస్ కిందికి దిగాడు. "రివెట్లు తీసి రెక్క విప్పేస్తా. డబ్బా చోటు మార్చాల్సిందే."

"మరి శనివారం?"

"ఈ శనివారం కాకపోతే ఇంకోటి" అన్నాడు, రివెట్ల వరస మీద వేలు రాస్తూ.

"ఒక్కసారి నన్ను చూడనీ."

"నా సీట్లోనా?"

"ఆచారం పాడుగాను. తొమ్మిదేళ్ల కష్టం విప్పుకుంటానంటున్నావు, నా పిర్రలకి భయపడతావేంటి?"

వాడు నవ్వలేదు. పక్కకి జరిగాడు.

ఎక్కి కూర్చున్నాను. తెర మీద అంకె నిలకడగా, పచ్చగా, ఇంత లావున ఉంది. నూట ముప్పై ఐదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే. వాడు మూడు రోజులుగా అంకెలు రాసుకున్న కాగితం తెర కింద అంటించి ఉంది. రెండు, నాలుగు, ఐదు, ఏడు ఉన్నచోట అన్నీ సరే. మసకలో ఒకదానిలా ఒకటి కనబడే మూడు, ఆరు, ఎనిమిది, తొమ్మిది వచ్చినచోటే తప్పు. సెన్సార్ నిజంగా చెడిపోయి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎంత?" అన్నాడు కింద నుంచి.

నూట ఎనభై ఐదని అబద్ధం చెబితే రెక్క విప్పుకుంటాడు, మహా అయితే నెల గడుస్తుంది. ఆ తర్వాతైనా ఇదే కళ్లతో ఎగురుతాడు.

"నూట ముప్పై ఐదు" అన్నాను.

"మళ్లీ చూడు."

"చూశానురా."

రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "చుట్టూ బాగానే కనబడుతుంది. మధ్యలోనే మసక. ఈస్టర్ నుంచి కారు మా ఆవిడే నడుపుతోంది. అద్దాలు మారిస్తే సర్దుకుంటుందనుకున్నా."

"నేను ఎగరేస్తా, నువ్వు నా పక్కన కూర్చో." ఆలోచించకుండా అనేశాను.

"మొదటి నలభై గంటలూ నడిపేవాడు తప్ప ఇంకొకడు ఎక్కకూడదు. ఆ రూలు తెలియనట్టు మాట్లాడకు."

"నలభై గంటలు ఎంతలో అయిపోతాయి?"

"అయ్యేసరికి మంచు పడుతుంది. అప్పటికి కిందున్నది చేనో చెరువో నాకు తెలియదు."

ఆర్లిస్ లోపలికి వంగి, తడుముకుంటూ సీటు కింద మీట పట్టుకున్నాడు.

"ముందుకి జరుగు. నీ కాళ్లు పొట్టి" అన్నాడు. "ఇంత దూరం నుంచి పెడల్స్ అందవు నీకు."

నేను జరిగాను.