పళ్ళు చేసే గది

“ఒకటో తారీఖు నుంచి నువ్వు రానక్కర్లేదులే. మా కోడలు ఉద్యోగం మానేస్తోందిగా, ఇంట్లోనే ఉంటుంది,” అని మా అత్తగారు పనమ్మాయితో అంటుంటే నేను టీ గ్లాసులు తొలుస్తున్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను గ్లాసు వైపు చూశాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అప్పటికి నాలుగు రోజులే అయింది. సొంతంగా ల్యాబ్ పెట్టుకోవడానికి మానేస్తున్నానని ఇంట్లో అందరికీ చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పాను. వాళ్ళకి మాత్రం మానేస్తున్నానన్న ముక్కే వినపడింది.

నేను పళ్ళు చేస్తాను. ఇలా చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. పళ్ళు ఊడినవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్తారు, డాక్టర్ నోటి అచ్చు తీసి ల్యాబ్‌కి పంపుతాడు, ఆ అచ్చు మీద మైనంతోనో పింగాణీతోనో ఒక్కో పన్నూ మలిచి వెనక్కి పంపేది నేను. అచ్చు మీద పేరుండదు, నంబరుంటుంది. రంగు కుదరనప్పుడు కొందరు స్వయంగా ల్యాబ్‌కి వస్తారు. వాళ్ళని కిటికీ దగ్గర కూర్చోబెట్టి పగటి వెలుతురులో పక్క పళ్ళ రంగు చూడాలి. ఆ పని మా ఓనరుది. “బయట నేను చూసుకుంటానమ్మా, నువ్వు లోపల ప్రశాంతంగా పని చేసుకో,” అంటాడు. లోపలి గదికి కిటికీ లేదు, ట్యూబ్‌లైటే దిక్కు. పళ్ళు పెట్టించుకున్నవాళ్ళు మళ్ళీ వచ్చి, “మీ చేతిలో ఏదో ఉందండీ,” అని ఆయనతో అనడం తలుపు ఇవతలికి వినిపిస్తుంది. మొదట్లో ఒళ్ళు మండేది. రాను రాను మంట పోయి ఆశ మిగిలింది. చేసింది నేనేనని తెలిసిన మనిషి ఒక్కరంటే ఒక్కరు నా ఎదురుగా కూర్చుని నవ్వితే చూడాలని ఉంది. బస్సులో ఎవరైనా పళ్ళు కనబడేలా నవ్వితే మెడ చాచి మరీ చూస్తాను. ఒకసారి ఒకావిడ నా చూపుకి భయపడి బ్యాగు దగ్గరికి లాక్కుంది.

నేను చేసిన పళ్ళని కళ్ళారా చూసింది ఒక్క నోట్లోనే. అది మా అత్తగారి నోరు. రెండేళ్ళ కిందట ఆవిడకి పైపళ్ళ సెట్టు అవసరమైతే, “మా ల్యాబ్‌లో చేయిస్తానత్తయ్యా,” అన్నాను. “నోటి సంగతి, ఇంట్లోవాళ్ళ చేత ప్రయోగాలెందుకు,” అని పెద్ద క్లినిక్‌కి వెళ్ళింది. కొత్త పళ్ళతో వచ్చి నవ్వినప్పుడు నా చేతిలో గరిటె ఆగిపోయింది. ముందు పళ్ళ పక్కదాన్ని నేను వెంట్రుకవాసి వాలుస్తాను, మరీ గీత గీసినట్టుంటే కట్టుడుపళ్ళని తెలిసిపోతుందని నాకో అలవాటు. ఆ వాలు ఆవిడ నోట్లో ఉంది. పెద్ద క్లినిక్ కూడా అచ్చులు పంపేది మా ల్యాబ్‌కే మరి. “చూశావా, పెద్దచోట చేయిస్తే ఆ పనితనమే వేరు,” అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చెప్పలేదు. చెబితే మర్నాటి నుంచే ఆ పళ్ళు నొప్పెడతాయి. ఇప్పుడు పనమ్మాయిని మాన్పించింది కూడా ఆ పళ్ళతోనే.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట అందరికీ చెప్పీ చెప్పీ నాకే అలవాటైపోయింది. “ముందు గది నీకిచ్చేస్తాం, ఇంట్లోనే కూర్చుని చేసుకో, ఎవరొద్దన్నారు? నీకు బస్సుల బాధ తప్పుతుంది, అమ్మకి తోడూ ఉంటుంది,” అన్నాడు. ముందు గదికి పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీ కోసమే సరేనన్నాను. ఆదివారం బల్ల కిటికీ కిందికి జరిపి, మైనం కరిగించి ఒక పన్ను మొదలుపెట్టాను. అత్తగారు తలుపు తోసి, కళ్ళజోడు కనబడిందా అని అడిగింది. మా అమ్మాయి తలుపు తోసి, “అమ్మా, నా నీలం డ్రెస్ ఎక్కడ?” అంది. ఆయన తలుపు తోసి, “బిజీనా? ఏం లేదు, ఆ టీ ఒక్కటి పెట్టేస్తే ఇక నీ పని నువ్వు చేసుకోవచ్చు,” అన్నాడు. టీ పెట్టి వచ్చేసరికి మైనం గట్టిపడింది. మళ్ళీ కరిగించాను. గ్యాస్ బండ వచ్చింది. సాయంత్రానికి మా మరిది ఇల్లు మారుతూ పంపిన అట్టపెట్టెలు ఆ గదిలోనే చేరాయి. నాలుగు రోజులేగా, ఓ మూలన ఉంటాయన్నారు. ఆ మూల సరిగ్గా కిటికీ ముందుంది. పన్ను సగం కూడా కాలేదు. ఒకటో తారీఖు నుంచి పనమ్మాయి పని, తోడుండే పని, తలుపు తీసే పని అన్నీ నావే, ఇంకా టైము మిగిలితే పళ్ళు చేసుకోవచ్చు. ఆ పెట్టెల మధ్య కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అప్పుడు మాత్రం ఎవరూ తలుపు తోయలేదు.

సోమవారం మధ్యాహ్నం ఓనరుకి చెప్పి బయటికొచ్చి వీధులన్నీ తిరిగాను. ఒక లాండ్రీ షాపు పైన గది దొరికింది. మెట్లు ఇరుకు, ఒక గోడకి చెమ్మ, కింద నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన. కిటికీ మాత్రం గోడంత ఉంది. కుర్చీ కూడా లేని ఆ గదిలో కిటికీ ముందు నేలమీద కూర్చున్నాను. ఎదురుగా ఎవరో ఉన్నట్టు, “ఏదీ, ఒకసారి నవ్వండి,” అని మెల్లగా అని చూశాను. “ఎవరితోనమ్మా?” అంది గది చూపించడానికి వచ్చిన ఓనరమ్మ గుమ్మంలోంచి. “ఫోన్లో,” అన్నాను. నా చేతిలో ఫోను లేదు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా అద్దె కాగితం ఇచ్చింది, నేను సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఇంట్లో గది పెట్టుకుని బయట గదేంటి? రేపు అమ్మకి ఒంట్లో బాగోకపోతే?”

“ఇన్నాళ్ళూ ఎలా చూసుకున్నామో అలాగే. పనమ్మాయిని కూడా మళ్ళీ రమ్మన్నాను.”

అత్తగారు నమలడం ఆపింది. “ఇవన్నీ ఎవరు నేర్పుతున్నారే నీకు?” అంది.

ఇక్కడ ఎవరైనా గట్టిగా ఒక్క మాటంటే నేను వెనక్కి తగ్గుతానేమోనని నా మీద నాకే భయం వేసింది. చివరికి ఆయన పెద్దమనసు చేసుకున్నట్టు నిట్టూర్చాడు. “సరే, సరదా పడుతున్నావు, కానివ్వు,” అని, నేను బల్ల మీద పెట్టిన ఆ గది కొత్త తాళంచెవులు రెండింటి వైపు చెయ్యి చాచాడు. “ఒకటి నా దగ్గరుండనీ, అవసరానికి పనికొస్తుంది.”

నేను రెండూ తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

“అవసరమైతే తలుపు కొట్టండి,” అన్నాను.