డిష్ బడి

2004 వేసవిలో సరళ ఏడో తరగతి పాసైంది. అప్పుడు ఇంట్లో వాళ్లంతా ఒకే మాట మీదికి వచ్చారు. హేమావతి కాపురానికి వచ్చిన పద్నాలుగేళ్లలో అలా జరగడం అదే మొదలు.

"హేమా చదువుకునింది. పాపను యాడ చదివించల్లో ఆ యమ్మే చెప్పల్ల" అన్నారు.

హేమావతి బీఏ చదివింది. ఆ ఇంట్లో ఆ బీఏతో పని పడేది రెండే సందర్భాల్లో. ఒకటి, ఎరువుల మూట మీది అక్షరాలు చదవడానికి. రెండు, రేపు జరగబోయే తప్పుకు ఇవాళే ఒక యజమానిని చూసిపెట్టుకోవడానికి.

ఊరి బడి ఏడుతో ఆగిపోతుంది. ఎనిమిదికి విడపనకల్లు హైస్కూలుకు పోవాలి. తొమ్మిది కిలోమీటర్లు, ఒకటే బస్సు. అది ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకు కూడా తెలియదు. అది కాదంటే డిష్ బడి. ఆ ఏడే ఊరి బడి మిద్దె మీద సర్కారు వాళ్లు ఒక డిష్ బిగించి, కింద గదిలో టీవీ పెట్టిపోయారు. హైదరాబాదులో అయ్యవారు పాఠం చెబితే ఇక్కడ కనబడుతుంది. మూడేళ్లు అది చూసి నేరుగా పదో తరగతి పరీక్ష రాయొచ్చు.

"బస్సు కోసరం పాపను ఎండలో నిలబెట్టేదానికన్నా ఇదే మేలు కదామే" అన్నాడు భర్త నరేంద్ర. "టీవీ అయ్యోరు సెలవు గూడా పెట్టడు."

"ఆ అయ్యోరు కొడతాడా?" అని అడిగింది అత్త లక్ష్మీనరసమ్మ.

"యాట్ల కొడతాడత్తా, అద్దం లోపలుండాడు కదా."

"కొట్టకుంటే చదువు యాడొస్తాది" అంది అత్త. ఆమె ఏ బడి గడపా తొక్కిన మనిషి కాదు.

సరళ స్నేహితురాలు మల్లీశ్వరి హైస్కూలుకని నీలం లంగా కుట్టించుకుంది. సరళ పోయి చూసి వచ్చి, "పదహారు మడతలు పెట్టినారు మా" అని మాత్రం చెప్పింది.

హేమావతి రెండు రోజులు ఆలోచిస్తున్నట్టు కనబడింది. నిజానికి ఆలోచన మొదటి రోజు పొద్దున్నే అయిపోయింది. ఆ ఇంట్లో మామ చిన్నప్పది వాన గొడవ, నరేంద్రది వేరుశనగ గొడవ, అత్తది ఆ ఇద్దరి గొడవ. హేమావతి ఒక మాటంటే దానికి తగిన మాట తిరిగి చెప్పే మనిషి సరళ ఒక్కతే. అంగడి నుంచి పొట్లాలుగా వచ్చే పాత వారపత్రికల్లో సగం కథలే ఉంటాయి. మిగతా సగం తల్లీకూతుళ్లు శనక్కాయలు ఒలుస్తూ అల్లుకునేవారు. చీకటితో లేచి పోయి చీకటి పడేవేళకు తిరిగొచ్చే పిల్లకు ఆ తీరిక ఎక్కడిది?

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"డిష్ బడే మేలు" అంది. "హైదరాబాదు అయ్యోర్లు పెద్ద చదువులు చదివినోళ్లు. మిగిలింది ఇంట్లో నేను చెప్తా."

అందరూ తలలూపారు. సరళ కూడా ఊపింది.

మొదటి రోజు డిష్ బడికి పదకొండు మంది వచ్చారు. కలుపుతీత నాటికి ఏడుగురు మిగిలారు. దసరాకు నలుగురు. కొందరు చేలల్లోకి పోయారు, కొందరు అమ్మానాన్నల వెంట బెంగుళూరు పనులకు పోయారు, తెలివైన వాళ్లు హైస్కూల్లోనే చేరిపోయారు. రెండో ఏడు మొదలయ్యేసరికి సరళ ఒక్కతే ఉంది. బడి తాళంచెవి ఉన్న రామదాసు పదకొండింటికి వచ్చి టీవీ పెట్టి వెళ్లిపోయేవాడు. హేమావతి వచ్చి కూతురి పక్కన కూర్చునేది.

టీవీ అయ్యవారు మంచివాడే. లెక్క చేయడం అయ్యాక "అర్థమైందా పిల్లలూ?" అని అడిగి, కాసేపు ఆగి, "వెరీ గుడ్" అనేవాడు. ఒకరోజు సరళ "కాలేదు సార్" అంది. "వెరీ గుడ్" అన్నాడాయన. ఆ పూట తల్లీకూతుళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. పప్పులో ఉప్పు లేదని చిన్నప్ప గొణిగితే సరళ "వెరీ గుడ్ తాతా" అంది. తాను చేసింది మంచి పనే అని ఆ రోజు హేమావతికి గట్టిగా అనిపించింది.

ఆ నవ్వు మరీ ఎక్కువ కాలం నిలవలేదు. సాయంత్రం బస్సు దిగే పిల్లల కోసం ఎదురుచూడటం సరళ మానేసింది. మల్లీశ్వరి మాటల్లో ఇప్పుడు అన్నీ కొత్త పేర్లే. వాటిలో ఒక్కరినీ సరళ ఎరగదు. ఇంట్లో సగం కథ ముందు పెట్టినా "నువ్వే చెప్పు మా" అనేది.

శుక్రవారాల్లో టీవీ అడుగున ఒక నంబరు వచ్చేది. ఫోను చేసి సందేహం అడగొచ్చు. బడిలో ఫోను లేదు. బసప్ప అంగడి ముందర రూపాయి బిళ్ల ఫోను ఉంది. అంటే అడిగే మనిషి అంగడి దగ్గర, జవాబు బడి దగ్గర. నాలుగు వారాలు లైను దొరకలేదు. ఐదో శుక్రవారం సరళ లెక్కను కాగితం మీద రాసుకుని అంగడికి పోయింది. జవాబు రాసుకోవడానికి హేమావతి పెన్ను పట్టుకుని టీవీ ముందు కూర్చుంది.

"అనంతపురం జిల్లా నుంచి సరళ. అడగమ్మా."

హేమావతి తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"సార్" అంది టీవీలోంచి కూతురి గొంతు. "గట్టిగా మాట్లాడు పాపా" అని వెనకనుంచి బసప్ప అనడం రాష్ట్రమంతా వింది.

"సార్, ఈ క్లాసులో ఇంకా ఎవురెవురు ఉండారు సార్?"

"ఏమమ్మా?"

"ఈడ నేనొకదాన్నే ఉండా సార్. ఇంగా యాడన్నా ఎవురన్నా ఉంటే, వాళ్ల పేర్లు చెప్పండి సార్."

అయ్యవారు నవ్వాడు. "లెక్కలో సందేహం అడగాలమ్మా" అన్నాడు. లైను తెగింది. తర్వాత ఏదో వేరే జిల్లా పిల్లవాడు మాట్లాడాడు.

సరళ తిరిగొచ్చి గడప దగ్గర నిలబడింది. "వినపడిందా మా?"

"లేదు" అంది హేమావతి. "గరగరమనింది."

జూన్ వచ్చింది. హేమావతి ఈసారి ఎవరూ అడగకుండానే చెప్పింది. "సరళ హైస్కూలుకు పోతాది."

"ఇంకొక్క ఏడు ఓర్చుకుంటే పరీచ్చ కదామే" అన్నాడు నరేంద్ర. "డిష్ బడి అని నువ్వే కదా అంటివి."

"నేనే అంటిని. తప్పు చెప్తిని."

"చదువుకున్నోళ్లు తప్పు ఒప్పుకుంటాండారు" అన్నాడు చిన్నప్ప ఆకాశం వైపు చూస్తూ. "ఇంగ వాన పడాల్సిందే."

హైస్కూలుకు పోయే బస్సులో సరళ కిటికీ పక్కన కూర్చుంది. ఓణీ వేసుకుంది. రెండేళ్లలో తల్లి భుజం దాటి ఎదిగింది.

"మా, నేను ఇంట్లోనే ఉంటాలే."

"ఏం? మళ్లా ఎనిమిదిలో కూర్చోబెడతారనా?"

"అది కాదు" అంది సరళ. "నువ్వు ఒకదానివే ఐపోతావు కదా. అందుకే కదా నన్ను ఈడ పెట్టుకుంటివి."

ఆ మాటలో కోపం లేదు. బస్సు ఆలస్యమైంది అన్నంత మామూలుగా అంది. ఎప్పటినుంచి తెలుసు అని అడగాలనుకుంది హేమావతి. అడిగితే మొదటి రోజునుంచే అంటుందేమోనని భయపడి ఊరుకుంది.

హెడ్‌మాస్టరు రంగన్న టీసీ చూశాడు. "రెండేండ్లు గ్యాపుండాది. ఎనిమిదికైతే చేర్చుకుంటామమ్మా" అని దరఖాస్తు ముందుకు తోశాడు. అందులో ఒక గడి ఉంది: చేరుటలో ఆలస్యమునకు కారణము.

బీఏ పరీక్షల్లో మూడేసి గంటలు ఆగకుండా రాసిన చేయి అంగుళం గడి ముందు ఆగిపోయింది.

"కరువు అని రాయండమ్మా" అన్నాడు రంగన్న వేరే కాగితం చూసుకుంటూ. "ఈడ అందురూ అదే రాస్తారు."

నిజానికి ముందటేడు వాళ్ల చేను బాగానే పండింది. హేమావతి "కరువు" అని రాసింది. ఇన్నేళ్లుగా ఎన్నో మోస్తున్న కరువు, ఇదొక్కటి పైన వేస్తే ఏమీ అనుకోదు.

భుజం వెనక నిలబడ్డ సరళ ఆ మాట చదివింది. తల్లి ముఖం వైపు చూడలేదు. "పోతాండా మా" అని వరండా వెంబడి నడిచింది.

ఎనిమిదో తరగతి గదిలో ఓణీలో ఉన్న మనిషి కనబడగానే చిన్న పిల్లలంతా టీచరమ్మ వచ్చిందనుకుని గబగబా లేచి నిలబడ్డారు. వాళ్లను కూర్చోమనాలో, తాను ఎక్కడ కూర్చోవాలో తెలియక సరళ గడప మీదే నిలబడిపోయింది.