కొలత తప్పిన అంగీ

"కత్తెర పెట్టే ముందు నన్నడుగు" అనేది మా అత్త ఎస్తేరమ్మ. నెల్లూరులో కుట్టుపని పరీక్ష మొదటి తరగతిలో పాసైన నేను, కోట దగ్గరి ఈ సముద్రపు పల్లెకు కాపురానికొచ్చాక దిండు గలీబుకైనా ఆమెను అడిగే గుడ్డ కోశాను. ఊళ్లో మనవాళ్లెవరు పోయినా శవానికి తొడిగే తెల్ల అంగీ నేనే కుట్టాలి. కూలి ఊసెత్తకూడదు, దేవుని సేవ కదా!

పోయిన వారం గూడూరు కుట్టుపని బడి నుంచి మగ్దలీనమ్మ టీచరు కబురు పంపింది. పంతులమ్మ ఉద్యోగముంది, సోమవారానికల్లా రావాలట. మా ఆయన కృపాదానం నవ్వాడు. "కూరేం వండేదని నన్నడుగుతావు. నువ్వు ఇంకొకరికి చెప్పేదేంది? అమ్మనడుగు, పో." అడిగాను. "ప్రార్థన చేసి చెప్తాలే" అంది అత్త. చెప్పకుండానే శనివారం తెల్లారేసరికి పోయింది. ఏడుపుకంటే ముందు నాకు కోపమే వచ్చింది.

నడవలో శవం, పక్క గదిలో నేనూ కుట్టుమిషనూ. తెల్ల గుడ్డ పరిచి, అలవాటుగా అడిగేశాను.

"కోసేదా, అత్తా?"

"ఊఁ" అని వినిపించింది. అచ్చం ఆమె గొంతే. కానీ వచ్చింది నా నోట్లోంచి.  ఆ తర్వాత టేపు పట్టిన గుర్తు లేదు, కోసిన గుర్తు లేదు. తెలివి తెచ్చుకునేసరికి అంగీ తయారై ఒళ్లో ఉంది.

అత్తది భారీ ఒళ్లు. అంగీ ఆమె భుజాలకే ఎక్కలేదు. పక్కింటి రెబెక్కమ్మ దాన్ని ఎత్తి చూసి, ఎందుకో నా మీద ఆనించింది. మణికట్టు దాకా, చీలమండ దాకా సరిగ్గా సరిపోయింది.

"అయ్యో ప్రేమలీలా, ఇది నీ కొలతమ్మే!" అని అంగీని వదిలేసింది.

అందరూ శవాన్ని మరిచి నన్నే చూశారు. "కొలత తీయడమే రాదు, దీనికి ఉద్యోగమంట" అన్నాడు మా ఆయన. నా చేతులకు పని రాకపోవడమా! ఈ ఇల్లు తర్వాత ఎవరిని పూడుస్తుందో వాటికి తెలిసినట్టుంది. 

టేపు తీసుకుని నడవలోకి వెళ్లి, అత్త చల్లటి భుజాలు కొలిచాను. ఈసారి ఎవరినీ అడగకుండా కోశాను. పొద్దు వాలేలోపు ఆమెను ఆమె అంగీలోనే సాగనంపారు.

సోమవారం సంచి పట్టుకుని బస్సుకు బయలుదేరాను. నా కొలత అంగీ కుట్లు విప్పేసి, ఆ గుడ్డ సంచిలో పెట్టుకున్నాను, బడిలో పిల్లలకు మొదటి కోత నేర్పడానికి. మా ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఎవరినడిగి పోతావుండావు?"

"నన్నే అడిగినా" అన్నాను. "ఊఁ అన్నా."