ఆకుపచ్చ చుక్క

అచ్చులో పోసిన ప్లాస్టర్ వెచ్చబడిందంటే గట్టిపడుతున్నట్టు లెక్క. కల్పలత దానిమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. చూసి చెప్పడం మానేసి చాన్నాళ్ళయింది. వేడి తగ్గాక రబ్బరు అచ్చును వెనక్కి మడిచి, పులి అడుగును ఊడదీసి, అంచుల్ని బొటనవేలితో తడుముతూ గరుకు కాగితంతో రుద్దింది. ఆమె చేతుల మీదుగా ఎన్ని పులులు నడిచి వెళ్ళాయో! ఆమె మాత్రం అడవిలో అడుగుపెట్టింది లేదు. పులిని చూసింది జూపార్కులో, అదీ అది నిద్రపోతుండగా.

చిలకలగూడలో ఒక మేడమీద చిన్న ఆఫీసు అది. బడుల్లో అడవి గురించీ జంతువుల గురించీ చెప్పే టీచర్లకు కావలసిన సామానంతా ఒక రేకుపెట్టెలో సర్ది అరువిస్తారు. పులి అడుగు, గిజిగాడి గూడు, పాము కుబుసం, పటాలు, బొమ్మల కార్డులు. పెట్టెలు సర్దేది కల్పలత. మీటింగుల్లో టీచర్లు ఆఫీసు నడిపే వేణుమాధవ్ సారుకు చప్పట్లు కొడితే, ఆమె వెనక వరసలో కూర్చుని తానూ కొడుతుంది. అందులో ఆమెకు లోటేమీ తోచలేదు. భర్త తిరుమల్ పోయాక ఇంట్లో గోడలు మీదికొస్తున్నట్టుంటే, ఈ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటేనే ఊపిరాడేది.

భయమల్లా కళ్ళ గురించే. మోతిబిందు పొర ముదిరిందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సెలవు పెడితే ఆ కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడతారని ఆమె ఎవరికీ చెప్పలేదు. దేన్నయినా రంగును బట్టో, తడిమి చూసో గుర్తుపట్టి నెట్టుకొస్తోంది.

"ఇదేంటక్కా?" కార్డులు కవర్లలో పెడుతున్న శ్రీలేఖ నవ్వింది. "కట్లపాముకి పచ్చచుక్క పెట్టేశావు. దాంతో ఏమైనా చుట్టరికం కలుపుకున్నావా?"

కల్పలత చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది.

పాముల కార్డుల మీద పేర్లుండవు. బొమ్మ చూసి పేరు పిల్లలే చెప్పాలి. వెనక మాత్రం చుక్క ఉంటుంది. విషమున్నదానికి ఎర్రచుక్క, లేనిదానికి ఆకుపచ్చ చుక్క. చదువురాని పిల్లకైనా తెలియాలని పెట్టుకున్న పద్ధతి. ఆ చుక్కలు అంటించేది కల్పలతే.

"ఏదీ, ఇటియ్యి."

కార్డును ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. నల్లటి ఒంటిమీద తెల్లటి కట్లుండే పాములు రెండున్నాయి. ఒకటి కట్లపాము. దాని కట్లు తోకవైపు స్పష్టంగా ఉండి, తలవైపు వచ్చేసరికి నలుపులో కలిసిపోతాయి. రెండోది తోడేలుపాము, విషం లేనిది. దానికి మెడ దగ్గరే కట్లు మెరుస్తాయి, తోకవైపు మాసిపోతాయి. ఇప్పుడు కిటికీ వెలుగులో కట్లు తోకవైపు తేలాయి. శనివారం ఇదే బల్లమీద ఆమెకు రెండూ ఒకే నలుపుగా, ఒకే తెలుపుగా కనిపించాయి.

శనివారం రెండు సెట్లకు చుక్కలు అంటించింది. ఒకటి ఇది. ఇంకొకటి మౌలాలి గుట్ట వెనక బడిలో పనిచేసే తాతారావు సారు తీసుకెళ్ళిన పెట్టెలో ఉంది. పాముల పాఠం సోమవారం పొద్దున్నే చెబుతానని ఆయన అన్నాడు.

ఇవాళ సోమవారం.

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. క్లాసులోకి ఫోన్ తీసుకెళ్ళని మనిషి ఆయన.

"వేణుమాధవ్ సార్ అడిగితే ఏం చెప్పనక్కా?"

"వచ్చినంక నేనే చెప్తా," అంటూ అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆటోవాడిని తొందరపెట్టింది. మెట్టుగూడ దగ్గర బండ్లు ఆగిపోయి ఉన్నాయి. "జెర జల్దీ పోనియ్యి బిడ్డా," అంది.

"ఎగిరిపోవాల్నా ఏందమ్మా? రెక్కల్లెవ్వు నా బండికి," అన్నాడు.

ఆమె చీరకొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. వానలు పడుతున్నాయి. గుట్టకింద రాళ్ళ సందుల్లో, ఇటుకల కుప్పల్లో పాములకు చోటు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పక్కింటి పిల్ల పొద్దున లేవలేదు. ముందురోజు రాత్రి చీమ కుట్టిందని చెప్పి పడుకుందట. కట్లపాము కాటు నొప్పి తెలియదని ఆ రోజే ఆమె మొదటిసారి విన్నది. ఆటో కదిలింది. ఆమె గుండె మాత్రం ఆ పిల్ల చాప దగ్గరే ఆగిపోయింది.

బడికి చేరేసరికి ఇంటర్వెల్. స్టాఫ్‌రూం గుమ్మంలోనే తాతారావు ఎదురొచ్చాడు.

"ఏవండీ కల్పలతగారూ, మీరేంటిలా? ఇవాళ పాఠం భలే కుదిరిందనుకోండి. పిల్లలు బెంచీలెక్కేశారంటే నమ్మండి!"

"సార్, కట్లపాము కార్డు. చుక్క తప్పు పెట్టిన. అది విషప్పాము సార్."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత కళ్ళు బడి వెనక గోడవైపు తిరిగాయి.

"గోడ వెనక ఇటుకల్లో అలాంటిదే చూశాం, పట్టుకొచ్చి చూపిస్తామన్నారండీ ఇద్దరు ఆడపిల్లలు. వద్దన్నాను గానీ, విషం లేదు కదా అని గట్టిగా..."

ఆయన మాట పూర్తికాకముందే ఆమె పరుగెత్తింది. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది.

గోడ వెనక పిల్లలు గుంపుకట్టి ఉన్నారు. మధ్యలో ప్రిసిల్లా అనే పిల్ల ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వంగి ఉంది. పక్కన సువార్త పుల్లతో నల్లటిదాన్ని డబ్బాలోకి నెడుతోంది. "దా, దా, ఏమనం నిన్ను," అంటోంది, కోడిపిల్లను పిలిచినట్టు. కల్పలతకు కనిపించింది నలుపు, తెలుపు. అంతే.

"ముట్టకుండ్రి! విషముంటది! కట్లపాము!"

ఆ కేకకు ప్రిసిల్లా చేతిలో డబ్బా జారిపడింది. పిల్లలు చెదిరిపోయారు. పాము బయటికొచ్చి, ఎటు పోవాలో తెలియనట్టు గోడవారగా పాకింది. కేక విని వాచ్‌మన్ భద్రయ్య కర్రతో వచ్చాడు. ఆమె చెయ్యెత్తింది, ఆపమనో ఏమో, ఆమెకే తెలియదు. భద్రయ్య కర్ర లేచింది, పడింది. మళ్ళీ లేచింది.

తాతారావు ఇద్దరు పిల్లల చేతులూ తిప్పి తిప్పి చూశాడు. "కరిచిందా? నిజం చెప్పండ్రా, చిన్న గీత పడినా చెప్పండి."

"లే సార్. అసలు ముట్టనే లేదు," అంది సువార్త ఏడుపు గొంతుతో.

అప్పుడు కల్పలత ఇటుకల మీద కూర్చుంది. కాసేపటికి భద్రయ్య కర్రమీద వేలాడుతున్నదాన్ని దగ్గరికి తెమ్మంది.

"దూరం జరుగమ్మా, సచ్చినా నమ్మొద్దు దీన్ని."

"తే అన్నా."

ముఖం దగ్గరికి పెట్టుకుంది. మెడ దగ్గర తెల్లటి కట్లు తేటగా ఉన్నాయి. వేలితో వెంట తడుముతూ పోయింది. తోకవైపు మాసిపోయాయి.

"విషముందా ఆంటీ?" ప్రిసిల్లా అడిగింది.

పిల్లలంతా చూస్తున్నారు. ఉందంటే ఆ కేకకూ, ఆ దెబ్బకూ అర్థముంటుంది.

"లేదు బిడ్డా," అంది. "దీనికి లేదు. కార్డుమీదున్నదానికి ఉంది. నాకు కండ్లు ఆనుతలేవు. కార్డు మీద తప్పు పెట్టిన. ఇక్కడ సుత తప్పు చూసిన."

సువార్త చేతిలోని పుల్లను మెల్లగా కింద పెట్టింది.

క్లాసులో ఒక్కో కార్డు మీద బొమ్మ ఎలా ఉందో తాతారావు చేత చెప్పించుకుని, తప్పుపడినవాటి చుక్కలు గోటితో గీకించి, సరైనవి ఆయన చేతనే అంటింపజేసింది. ఆ తర్వాత శ్రీలేఖకు ఫోన్ చేసింది. "ఇప్పటిదాంక పోయిన పెట్టెలన్నీ వాపస్ తెప్పించి చూడుండ్రి. బల్లమీద కార్డుల పని నువ్వు తీసుకో. నేనిక చెయ్యను."

"అక్కా, అదేం మాట? సార్‌తో నేను మాట్లాడతాను."

"నేను పోయి మాట్లాడత. నువ్వు ముందు పెట్టెలు చూడు."

గేటు దాకా తాతారావు వచ్చాడు. ఏదో అనబోయి, "ఆటో పిలవనా అండీ?" అన్నాడు. వద్దంది. బురదలో చెప్పు వెతుక్కుని తొడుక్కుని, గోడను ఒక చేత్తో తడుముకుంటూ మలుపు తిరిగిపోయింది.

బెల్లు కొట్టారు. భద్రయ్య పామును గుట్టవైపు తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు. గోడ వెనక ఎవరూ లేరు. ఇటుకల పక్కన ప్లాస్టిక్ డబ్బా దొర్లి ఉంది. లోపల ఎవరో గడ్డి పరిచారు. మూత నిండా, దానికి ఊపిరాడాలని, మేకుతో పొడిచిన చిల్లులు.