అక్క వినాల్సిన గొంతులు

కంప్యూటర్ మళ్ళీ టప్పున ఆరిపోయింది.

తెర నల్లబడింది. అంతసేపూ రొద పెట్టిన ఫ్యాన్లు ఒక్కసారిగా నీరసించి ఆగిపోయాయి. కుర్చీలో ఉన్న మనిషి తల పట్టుకున్నాడు. పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిట్ చేయడం అతని పని. ఎవరి మొహమాటాలూ చూడకుండా కత్తిరించి పారేస్తాడని స్నేహితులు అతనికి కత్తెర అని పేరు పెట్టారు. అలాంటి కత్తెర ఈ వీడియోలో మాత్రం ఒక్క ముక్కా తీసెయ్యలేకపోయాడు. ఎక్కడ ముట్టుకున్నా చెయ్యి ఆడలేదు.

"మళ్ళీనా?" అంది గుమ్మంలోంచి భార్య.

"మళ్ళీ."

వీడియో వాళ్ళ అక్క కోసం. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో అక్కకి ఎడమ చెవి పోయింది. అప్పటినుంచీ కుడి చెవితోనే నెట్టుకొస్తోంది. ఎవరు పిలిచినా తల అటు తిప్పి వినడం ఆమెకి అలవాటైపోయింది. ఇప్పుడు ఆ కుడి చెవి నరం మీదే గడ్డ లేచింది. తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు, వినికిడి మాత్రం దక్కదు అని డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. ఆపరేషన్ ఈవేళే, మధ్యాహ్నం.

ఆ మాట విన్నప్పుడు అక్క ఏడవలేదు. "నాన్న గొంతు ఒక్కసారి వినాలనుందిరా" అంది తమ్ముడితో.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. కత్తెర అటకెక్కి పాత టేపులన్నీ దింపాడు. నాన్న దొరికాడు. పేపరు చదువుతూ పక్కవాళ్ళకి వినిపించేలా తిట్టుకునే నాన్న. వంటింట్లోంచి కేకలేసే అమ్మ దొరికింది. అక్క కూతురి వచ్చీరాని మాటలు, పెళ్ళిలో మైకు చేతికిస్తే నోట మాట రాక దగ్గిన బావ, అందరూ దొరికారు. చేతికి వచ్చిన విద్య ఊరుకోనివ్వలేదు. రంగులు దిద్దాడు, మసక తుడిచాడు, బొమ్మల్ని పెద్దవి చేశాడు. ఇక మిగిలింది ముక్కలన్నిటినీ కలిపి కంప్యూటర్ చేత ఒకే వీడియోగా తీయించడం. రెండరింగ్. రోజూ చేసే పనే కదా అనుకున్నాడు.

పొద్దున్న మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అది సాగడం లేదు. సగానికి రాకుండానే కంప్యూటర్ ఆరిపోతోంది.

మొదట కరెంటును అనుమానించాడు. ప్లగ్గు మార్చి చూశాడు. తర్వాత వేడి చూపించే ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకున్నాడు. రెండరింగ్ మొదలవగానే అంకె పైపైకి ఎగబాకింది. ప్రాసెసర్ వేడి నూరు డిగ్రీలకు చేరబోతుండగా కంప్యూటర్ తనను తాను ఆపేసుకుంది. కాలిపోకుండా ఉండడానికి దానికున్న దారి అదొక్కటే.

పక్క తలుపు ఊడదీశాడు. లోపల దూది పరుపు చింపినట్టు దుమ్ము. ప్రాసెసర్‌ని చల్లబరిచే ఫ్యాను రెక్కలకి, దాని కింది అల్యూమినియం పలకల సందుల్లోకి దట్టంగా పట్టేసి ఉంది. భార్య పెయింటు బ్రష్షు తెచ్చిచ్చింది. దులిపి, ఊది, తుమ్ములు తుమ్మి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి సగం దాటింది. ఇద్దరూ తెర దగ్గరికి జరిగారు.

టప్.

"దీని దుంపతెగ!" అని బల్ల మీద గుద్దాడు.

బొమ్మ నాణ్యత తగ్గించాడు. ఆరిపోయింది. గ్రాఫిక్స్ కార్డును పక్కన పెట్టి ప్రాసెసర్ ఒక్కదానితోనే నడిపాడు. ఇంకా తొందరగా ఆరిపోయింది. ప్రాసెసర్ వేగానికి కళ్ళెం వేశాడు. ఈసారి ఆరలేదు కానీ, పూర్తవడానికి రాత్రవుతుందని తెర మీద చూపించింది. రాత్రికి అక్కకి ఈ వీడియో ఎందుకు?

ఆసుపత్రి నుంచి బావ ఫోన్ చేశాడు.

"బావగారూ, ఎక్కడిదాకా వచ్చింది? పొద్దుట్నుంచీ తలుపు వైపే చూస్తోంది మీ అక్క."

"అయిపోతోంది బావా. వచ్చేస్తున్నా."

స్క్రూడ్రైవర్ అందుకుని ఫ్యానుతో సహా ఆ పలకల దిమ్మను పైకి లేపాడు. ప్రాసెసర్‌కీ దిమ్మకీ మధ్య వేడిని దాటించే పేస్టు సుద్దలా ఎండిపోయి రాలింది. వీధి చివర కంప్యూటర్ షాపుకి చెప్పులు లేకుండానే పరుగెత్తి కొత్త పేస్టు తెచ్చాడు. పాతది తుడిచి, కొత్తది రాసి, దిమ్మను యథాస్థానంలో పెట్టి నొక్కాడు. నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. మూడు బిగుసుకున్నాయి. నాలుగోది చేతిలోకి వచ్చేసింది.

అది ఎప్పుడో చీలి ఉంది. అసలు రోగం అదీ. ఆ మూల దిమ్మ ఇన్నాళ్ళూ సరిగా ఆనడమే లేదు.

"ఇక్కడ వేలితో గట్టిగా నొక్కి పట్టుకో, ఫ్యానుకి తగలకుండా" అన్నాడు భార్యతో.

ఆమె వంగి నొక్కి పట్టుకుంది. రెండరింగ్ మొదలైంది. వేడి నిలకడగా ఉంది. అతను తెరనీ ఆమె వేలినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆమె నడుము వంగిపోతోంది, నుదుటి చెమట కళ్ళలోకి దిగుతోంది, అయినా కదల్లేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"ముందున్న కేసు వాయిదా పడిందట. మీ అక్కని ఇప్పుడే తీసుకెళ్తారట" అన్నాడు బావ. "మీరొచ్చెయ్యండి. వీడియో లేకపోయినా పర్లేదు."

స్పీకర్‌లో వినబడ్డ ఆ మాటకి భార్య ఉలిక్కిపడింది. వేలు జారింది. తెర నల్లబడింది.

కత్తెర నేల మీద కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోలేదు. "నాన్న పోయినప్పుడు రాలేకపోయాను, అక్కకి ఆయన గొంతైనా వినిపించలేకపోయాను. ఒక్కటంటే ఒక్కటి అడిగింది నన్ను" అన్నాడు.

భార్య పక్కన కూర్చుని, వాచిన వేలు నోట్లో పెట్టుకుని అంది: "ఏవండీ, వదినగారి కళ్ళకేం కాదు కదా?"

"కళ్ళకేమవుతుంది?"

"మరి బొమ్మలు ఎప్పుడైనా చూడచ్చు కదండీ. ఇవాళ వినడానికేగా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత నెత్తి మీద ఠపీమని కొట్టుకున్నాడు. కంప్యూటర్ ఆన్ చేసి, బొమ్మలన్నీ పక్కన పెట్టి, ధ్వని ఒక్కటే బయటికి తీయమన్నాడు. దానికి వేడి ఎక్కాల్సిన పనే లేదు. చూస్తుండగానే అయిపోయింది. ఫోన్లోకి ఎక్కించుకుని, హెడ్‌ఫోన్లు మెళ్ళో వేసుకుని, భార్యని ఎక్కించుకుని బండి తీశాడు.

వార్డులో అక్క చక్రాల మంచం మీదికి మారిపోయి ఉంది. పక్కన బావ, కాలేజీ చదివే కూతురు. అతను హెడ్‌ఫోన్లు అక్క చెవులకి పెట్టాడు.

నాన్న పేపరు చదవడం మొదలుపెట్టాడు. అక్క కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. నాన్న ఎవర్నో తిడుతున్నచోట నవ్వింది. అమ్మ కేక వినబడగానే, వెళ్ళాలన్నట్టు మంచం మీదే కదిలింది. మంచం తోసుకెళ్ళడానికి ఆయా వచ్చి, "ఇక పోదామా అమ్మా" అంది.

అక్కకి టైమైపోయిందని అర్థమైంది. హెడ్‌ఫోన్లు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇంకా ఉంది అక్కా, సగమైనా కాలేదు" అన్నాడు కంగారుగా.

"నాన్న వినబడ్డాడు, చాలు. ఆపరేషన్ గది తలుపు దాకా మీరు మాట్లాడండి. ఎవరో ఒకళ్ళు మాట్లాడండర్రా!"

మంచం కదిలింది. బావ నోరు తెరిచాడు, పెళ్ళిలోలాగే దగ్గొచ్చింది. కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని వెక్కుతోంది. కత్తెర కుడి పక్కకి పరుగెత్తి వంగాడు. పొద్దుటినుంచీ బుర్రలో ఉన్నదే నోటికొచ్చింది.

"ప్రాసెసర్ వేడెక్కిపోయిందక్కా. పొద్దుట్నుంచీ ఆరిపోతూనే ఉంది. దుమ్ము దులిపా. పేస్టు ఎండిపోయింది."

"పేస్టా? పళ్ళు తోముకునేదా?"

"కాదక్కా, వేడి దాటడానికి రాసేది. అది కూడా మార్చా. అప్పుడు పిన్ను విరిగిపోయి..."

"అయ్యో! ఊఁ, అప్పుడు?"

"నీ మరదలు వేలితో నొక్కి పట్టుకుంది."

అక్క పకపకా నవ్వింది. "చెప్పు, ఆపకు. ఊఁ." అతను చెబుతూనే ఉన్నాడు. ఫ్యాను, పలకలు, డిగ్రీలు, ఏవేవో. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా ఆమె ప్రతి మాటకీ ఊఁ కొడుతూ తమ్ముడి వైపే తల తిప్పి ఉంది. తలుపు దగ్గర ఆయా అతన్ని ఆపింది. తలుపు మూసుకున్నాక కూడా కాసేపు మాట్లాడాడు.

డాక్టరు చెప్పినట్టే జరిగింది. గడ్డ పోయింది, వినికిడీ పోయింది. మర్నాడు అక్క కళ్ళు తెరిచి, తన గొంతు తనకే వినబడక, వార్డంతా తిరిగి చూసేంత గట్టిగా అడిగింది: "ఏరా, నీ కంప్యూటర్ బాగైందా?"

అతను జవాబు చెప్పబోయి ఆగాడు. లేదని తల అడ్డంగా ఊపాడు.

"బాగుచేసుకో మరి" అని మళ్ళీ అరిచింది అక్క. కూతురు పెదాలకి వేలు అడ్డంపెట్టి మెల్లగా అన్నట్టు సైగ చేస్తూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంది.